రేవు దగ్గర అడగాల్సిన మాటలు

హైటెక్ సిటీ నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాలి. దీవి చూడాలంటే మాత్రం తెల్లవారుజామున బయలుదేరితే చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద బొంగుళూరు దగ్గర దిగి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి, పెద్దవూర దాటితే నాగార్జునసాగర్ వచ్చేస్తుంది. దూరం 160 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ లాంచీ ఎక్కితే నడి జలాశయంలో నాగార్జునకొండ. చుట్టూ కృష్ణమ్మ, పైన మ్యూజియం, సాయంత్రానికి మళ్లీ ఇంటి దారి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి టీములకు ఇంతకన్నా సులువైన దీవి యాత్ర లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి వాట్సాప్‌లో పోల్ పెడతారు. పన్నెండు మంది సరేనంటారు. టెంపో ట్రావెలర్ మాట్లాడతారు, దాని రేటింగ్ చూస్తారు, డ్రైవర్ నంబర్ గ్రూపులో పెడతారు. దారిలో టిఫిన్ ఎక్కడ బాగుంటుందో నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. నీళ్ల మీద ఏ లాంచీ ఎక్కాలన్నది మాత్రం రేవుకు చేరాకే తేలుతుంది. ఎవరు ముందు పిలిస్తే వాళ్ల దగ్గర టికెట్ కొనేస్తారు. రోజు మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్తగా తీసుకోవాల్సిన నిర్ణయం ఎండలో, క్యూలో, ఐదు నిమిషాల్లో జరిగిపోతుంది.

అలా తేల్చేయదగిన చోటు కాదది. లాంచీ వెళ్లే నీళ్ల అడుగున ఒక రాజధాని ఉంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు పాలించిన విజయపురి. 1926లో ఏ.ఆర్. సరస్వతి ఈ లోయలో శిథిలాలను గుర్తించారు. ఆ మరుసటి ఏడాది నుంచి లాంగ్‌హర్స్ట్, తర్వాత 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే లోయ మునగడం ఖాయమైంది. దాంతో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. ఇక్ష్వాకు రాజులు వీరపురుషదత్తుడు, ఏహువుల శాంతమూలుడి కాలపు శాసనాలు, స్తూపాలు, విహారాలు, వాటికంటే ఎంతో ముందటి రాతియుగపు పనిముట్లు బయటపడ్డాయి. మహాచైత్యానికి డబ్బిచ్చింది రాజు కాదు. ఆ వంశపు ఆడపడుచు చాంతిసిరి. ఆ సంగతి శాసనాలే చెబుతున్నాయి.

తవ్వినవాటిలో ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను ఇటుకా రాయీ పేర్చి కొండ మీద తిరిగి నిలబెట్టారు. కొన్నిటిని ఒడ్డున అనుపుకు తరలించారు. బౌద్ధ విహారం పోలికతో కట్టిన మ్యూజియం 1966లో తెరుచుకుంది. ఆ మరుసటి ఏడాది, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లు మునిగాయి. ఒకప్పటి కొండ నెత్తి దీవిగా మిగిలింది.

ఇంత చరిత్ర ఉన్న చోట మామూలు లాంచీ టికెట్‌తో వెళ్లినవారికి దక్కేది గంట, మహా అయితే ఇంకొంచెం. రేవు నుంచి పైకి నడవడానికి కొంత పోతుంది. మ్యూజియంలో పలనాటి సున్నపురాయి శిల్పాల ముందు నిలబడితే ముప్పావు గంట ఎటు పోయిందో తెలియదు. మహాచైత్యం దాకా నడిచేసరికి కింద హారన్ మోగుతుంది. కొండను సరిగ్గా చూడాలంటే కనీసం రెండున్నర గంటలు కావాలి. అందుకే లాంచీ ఎంపికలో మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు, వేళ గురించి. ‘వచ్చిన లాంచీలోనే తిరిగి ఎక్కాలా, తర్వాతి దాంట్లో రానిస్తారా? తర్వాతిది ఉందా? ఆఖరిది ఎన్నింటికి?’ ఈ మూడూ టికెట్ కౌంటర్ దగ్గర అడిగితే కొండ మీద పరుగులు తప్పుతాయి.

చిన్న బృందానికి ఇక్కడే ఒక చిక్కు, ఒక వెసులుబాటు ఉన్నాయి. సాగర్ లాంచీలు పెద్దవి. పదిమంది కోసం కదలవు. కనీస సంఖ్య కూడేదాకా రేవులోనే ఆగుతాయి. ఆదివారం ఆ బాధ లేదు, రద్దీయే సమస్య. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకుని వెళ్తే రద్దీ ఉండదు, లాంచీ కదులుతుందన్న భరోసా కూడా ఉండదు. ఇలాంటప్పుడు రెండు మూడు టీములు కలిసి ముందే మాట్లాడుకుని మొత్తం లాంచీని తీసుకోవడం మంచి పద్ధతి. తలసరి ఖర్చు పెరుగుతుంది గానీ దీవి మీద వేళ తమ చేతుల్లో ఉంటుంది. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు.

ఏ ఒడ్డు నుంచి ఎక్కాలన్నది మరో సంగతి. హిల్ కాలనీ తెలంగాణలో, నల్గొండ జిల్లాలో ఉంది. నదికి అవతల విజయపురి సౌత్, నాగార్జునకొండ ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాకు చెందుతాయి. 2014 తర్వాత రెండు పర్యాటక సంస్థలు, రెండు రకాల అనుమతులు. హిల్ కాలనీ లాంచీలు కొండ దాకా వెళ్లకుండా జలాశయంలో చిన్న చుట్టు తిప్పి తెచ్చే ‘జాలీ రైడ్’కే పరిమితమైన రోజులున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవారికి ముందు తగిలేది ఈ ఒడ్డే కాబట్టి చాలామంది దీవికనుకుని జాలీ రైడ్ టికెట్ కొని, అరగంటలో ఒడ్డుకు చేరి ఉసూరుమంటారు. బయలుదేరే ముందు రోజు రెండు ఒడ్డులకూ ఫోన్ చేసి, ‘రేపు కొండ దాకా లాంచీ వెళ్తుందా’ అని అడిగితే చాలు. కొండకు లాంచీ అవతలి నుంచే ఉందని తెలిస్తే ఆనకట్ట దిగువ వంతెన దాటి వెళ్లడమే.

బృందం చిన్నదైతే పడవ కూడా చిన్నదే కావాలా? అనుభవజ్ఞులైన సరంగులు ఈ మాటను ఒప్పుకోరు. దుర్గం చెరువులో, హుస్సేన్‌సాగర్‌లో నలుగురు కూర్చునే స్పీడ్ బోటు సరదాగానే ఉంటుంది. ఒడ్డు కళ్లెదుటే ఉంటుంది, పది నిమిషాల్లో తిరిగి వస్తుంది. సాగర్ జలాశయం అలాంటిది కాదు. కొండల నడుమ విశాలంగా పరుచుకున్న నీళ్ల మీద మధ్యాహ్నం గాలి లేస్తే అలలూ లేస్తాయి. ముప్పావు గంట పట్టే దారిలో సగానికి వెళ్లాక చిన్న పడవలో ఒకరు లేచి నిలబడినా తేడా తెలుస్తుంది. పన్నెండు మంది సగటున 70 కిలోల చొప్పున 840 కిలోలు. సెల్ఫీ కోసం ఆ బరువంతా ఒకే అంచుకు చేరితే వంద సీట్ల లాంచీ తట్టుకుంటుంది, పదిహేను మంది పట్టే పడవ తట్టుకోవడం కష్టం. కాబట్టి చిన్న బృందానికి కావాల్సింది ఖాళీ సీట్లు మిగిలే పెద్ద పడవ. కిక్కిరిసిన చిన్న పడవ కాదు.

పెద్ద పడవ అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికీ లేదు. కేరళలో 2009 సెప్టెంబర్ 30న తేక్కడి జలాశయంలో ‘జలకన్యక’ అనే రెండంతస్తుల బోటు బోల్తాపడి 45 మంది చనిపోయారు. ఒడ్డున కనిపించిన జంతువులను చూడటానికి జనం ఒక పక్కకు చేరారు, అప్పటికే పై అంతస్తు బరువెక్కి ఉంది. అది ప్రైవేటు పడవ కాదు, ప్రభుత్వ పర్యాటక సంస్థదే. ‘టూరిజం వాళ్లదేగా’ అన్న ఒక్క మాటతో ప్రశ్నలు ఆపేయకూడదని ఆ ఘటన చూస్తే అర్థమవుతుంది.

తెలుగు నేల మీద జరిగినవి ఇంకా దగ్గరివి. 2017 నవంబర్ 12న, కార్తీకమాసం ఆఖరి ఆదివారం, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద పవిత్ర సంగమం చూడటానికి వెళ్తున్న పడవ బోల్తాపడింది. ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. జనాన్ని ఎక్కించుకోవడానికి ఆ పడవకు అనుమతే లేదు. ఆరు నెలలకు, 2018 మే 15న, గోదావరిలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. వాన జల్లు లోపలికి రాకుండా తలుపులు, కిటికీలు మూసేశారు. లోపలున్న గిరిజనులు బయటకు రాలేకపోయారు.

ఆ తర్వాతిది కచ్చులూరు. 2019 సెప్టెంబర్ 15, అదీ ఆదివారమే. గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు మందం దగ్గర సుడిలో తిరగబడింది. గోదావరిలో అప్పుడు లక్షల క్యూసెక్కుల వరద. బోటులో ఉన్న డెబ్భై మందికి పైచిలుకులో బతికి బయటపడింది 26 మంది. వారిని ఒడ్డుకు చేర్చింది తూటుగుంట గ్రామస్థులు, తమ సొంత పడవల్లో. చనిపోయినవారిలో హైదరాబాద్, వరంగల్ కుటుంబాలు ఎన్నో. కొందరు లైఫ్ జాకెట్లు తీసి పక్కన పెట్టి ఉన్నారని బతికినవారు చెప్పారు. నెల దాటాక, అక్టోబర్ 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బోటును పైకి తీసింది.

ఈ వరసకు కేరళలోని తానూరు కూడా చేరుతుంది. 2023 మే 7న అక్కడ 22 మంది మునిగిపోయారు. చేపల పడవను మార్చి పర్యాటకుల బోటు చేశారు, చీకటి పడుతున్న వేళ కూడా తిప్పారు. ఫెర్రీ, కచ్చులూరు, తానూరు, మూడు చోట్లా ఆదివారమే. సెలవు రోజున జనం పోటెత్తుతారు. ఒక్క ట్రిప్పు ఎక్కువ తిప్పితే ఒక్క ట్రిప్పు డబ్బు ఎక్కువ వస్తుంది. వచ్చినవాళ్లకూ మళ్లీ రావడం కుదరదన్న తొందర ఉంటుంది. నీళ్లు ఏ రోజైనా ఒకటే గానీ ఒడ్డున ఉన్న ఒత్తిడి ఆదివారం వేరు.

కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బోట్లు నెలల తరబడి ఆగిపోయాయి. 2020 జూన్‌లో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. వాటిలో నాగార్జునసాగర్, శ్రీశైలం కూడా ఉన్నాయి. నీటిమట్టం, వాతావరణం, ప్రయాణికుల లెక్క చూసి పడవను వదలడం వాటి పని. దేశం మొత్తానికి చూస్తే, 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజన్‌తో నడిచే ప్రతి పడవకూ రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి. పడవ ఎంతమందిని మోయగలదో సర్వే సర్టిఫికెట్ చెబుతుంది. దాచిపెట్టుకోవాల్సిన కాగితం కాదది. ‘సర్వే ఎప్పుడైంది, ఎంతమందికి అనుమతి’ అని మర్యాదగా అడిగితే సరిగ్గా నడుపుతున్నవాళ్లు నొచ్చుకోరు. విసుక్కున్నారంటే అక్కడే జవాబు దొరికినట్టు.

ఐటీ కారిడార్‌లో ఇది కొత్త అలవాటేమీ కాదు. రాత్రి షిఫ్ట్ క్యాబ్‌కు డ్రైవర్ లైసెన్స్, బండి ఫిట్‌నెస్, జీపీఎస్, ఆఖరి స్టాప్‌లో దిగే అమ్మాయికి తోడుగా గార్డు, ఇన్ని చూసుకున్నాకే బండి గేటు దాటుతుంది. అదే కంపెనీ అడ్మిన్ విభాగం టీమ్ అవుటింగ్ రోజున బస్సు కాగితాలన్నీ తెప్పించుకుని, లాంచీ కాగితం సంగతి అసలు తలపెట్టదు. క్యాబ్‌కు ఉన్న చెక్‌లిస్టులో నాలుగు పంక్తులు చేరిస్తే సరిపోతుంది. పడవ సామర్థ్యం, సర్వే గడువు, జాకెట్ల సంఖ్య, పిల్లల సైజులు ఉన్నాయా లేదా.

పిల్లల సైజు గురించి గట్టిగా చెప్పుకోవాలి. పెద్దల జాకెట్ వేసిన నాలుగేళ్ల బిడ్డ నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, బిడ్డ అందులోంచి జారిపోతుంది. జాకెట్ బరువును బట్టి ఉండాలి, బెల్టులన్నీ బిగించాలి, భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. ఇది చూడటానికి అర నిమిషం పడుతుంది. జాకెట్ వేసుకోవాల్సింది లాంచీ కదిలాక కాదు, రేవు దిగేముందే. ఎండగా ఉందని, భోజనం వేళయిందని విప్పకూడదు. ఏసీ క్యాబిన్ కంటే గాలి ఆడే డెక్కే మంచిది. లోపల కూర్చోక తప్పకపోతే ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూర్చునే ముందు చూసుకోవాలి. మంటూరు మర్చిపోవాల్సిన ఊరు కాదు.

బృందం చిన్నదైతే కలిగే అసలు మేలు ఇక్కడ కనిపిస్తుంది. పన్నెండు మందిని ఒక్క చూపులో లెక్కపెట్టవచ్చు. ఎవరు జాకెట్ విప్పారో, ఎవరికి తల తిరుగుతోందో, ఎవరికి ఈత రాదో అందరికీ తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, గాలి తేడాగా ఉందనిపించినప్పుడు పన్నెండు మంది రెండు నిమిషాల్లో ‘వద్దులే’ అనుకోగలరు. ఎనభై మంది ఉన్న ప్యాకేజీలో ఆ మాట అనడానికి ఒక్కరికీ నోరు రాదు. డబ్బు కట్టేశారు, నిర్వాహకుడు ముందున్నాడు, మిగతావాళ్లు ఏమనుకుంటారో అన్న మొహమాటం.

ఫుకెట్, క్రాబీ వెళ్లే సైబరాబాద్ జంటలకూ ఇదే వర్తిస్తుంది. అక్కడి దీవులకు ‘స్మాల్ గ్రూప్’ అని రాసిన బోటు టూర్లు వీధివీధినా అమ్ముతారు. మాటను నమ్మేకంటే ఆ బోటులో గరిష్ఠంగా ఎందరు, గైడ్లు ఎందరు అని అంకెల్లో అడగడం మేలు. 2018 జులై 5న ఫుకెట్ తీరంలో ఫీనిక్స్ అనే పడవ మునిగి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు. వాతావరణ హెచ్చరిక ఉండగానే అది బయలుదేరింది. దగ్గర్లోని మాయా బే సంగతి ఇంకొకటి. జనం తాకిడికి పగడపు దిబ్బలు దెబ్బతినడంతో 2018 జూన్‌లో మూసి, 2022 జనవరిలో తెరిచారు. పడవలను ఇప్పుడు బే లోపలికి రానివ్వరు, వెనక వైపు దిగి నడిచి వెళ్లాలి. ఈ విషయం ముందుగా చెప్పే టూర్ నిర్వాహకుడు మిగతా విషయాల్లోనూ దాపరికం లేకుండా ఉండే అవకాశం ఎక్కువ. ‘నేరుగా బే లోపలికే తీసుకెళ్తాం’ అన్నవాడిని వదిలేయడం మంచిది.

మళ్లీ కృష్ణకు వస్తే, కొండకు మంచి కాలం అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా. అప్పటికి ఎగువ వరదలు తగ్గి, 590 అడుగుల పూర్తిమట్టానికి దగ్గరగా నీళ్లు నిలకడగా ఉంటాయి. ఎండ మితంగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో గేట్లెత్తిన రోజున ఆనకట్ట దగ్గర జనసందోహం చూడముచ్చటగానే ఉంటుంది గానీ అది లాంచీ ఎక్కే రోజు కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో దిగువన ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొన్నాయి. భవానీ ద్వీపం నీట మునిగింది. అదే నదిని అక్టోబర్‌లో చూసినవారు ఇది అదేనా అనుకుంటారు.

చిన్న బృందాలకు నాయకత్వం వహించేవారు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. లాంచీ లేని ప్రణాళికను కూడా ముందే తయారుగా ఉంచుకోవాలి. అనుమానం ఉన్నా పడవ ఎక్కేయడానికి తరచూ కారణం ఒక్కటే. నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చారు, ఊరికే తిరిగి వెళ్లడానికి మనసొప్పదు. వేరే దారి ముందే అనుకుని ఉంటే ఆ మొహమాటం ఉండదు. సాగర్ చుట్టుపక్కల అందుకు కొదవ లేదు. హిల్ కాలనీలో 274 ఎకరాల్లో బుద్ధవనం ఉంది, 2022 మే 14న తెరిచారు. అమరావతి మహాస్తూపాన్ని తలపించే కట్టడం, దాని లోపలి శిల్పాలు చూడటానికే రెండు గంటలు పడుతుంది. అవతలి ఒడ్డున అనుపుకు రోడ్డు మీదే వెళ్లవచ్చు. లోయలోంచి తరలించి మళ్లీ పేర్చిన ఇక్ష్వాకుల ప్రేక్షాగారం అక్కడే ఉంది. మెట్ల మీద కూర్చుని కింద మాట్లాడేవారి గొంతు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో పరీక్షించి చూడవచ్చు. మాచర్ల దారిలో చంద్రవంక మీద ఎత్తిపోతల జలపాతం ఉంది, సుమారు 70 అడుగుల నుంచి దూకుతుంది. వానలు పడ్డ ఏడాది ఇంకా బాగుంటుంది.

వాట్సాప్ పోల్‌లో మొదటి ఆప్షన్ కొండ, రెండోది అనుపు, ఎత్తిపోతల అని శుక్రవారమే పెడితే, శనివారం రేవులో సరంగు ఆకాశం వైపు చూసి ‘ఇవాళ గాలి బాలేదండీ, పోనివ్వను’ అన్నప్పుడు ఎవరి ముఖమూ చిన్నబోదు. టెంపో ట్రావెలర్ డ్రైవర్‌కు దారి ముందే తెలిసి ఉంటుంది, బండి మాచర్ల వైపు తిరుగుతుంది. కొండకు డిసెంబర్‌లో మరో శనివారం చూసుకోవచ్చు.